ఉడుకు కొండ దగ్గర ఆగిన భూకంపం

లక్ష్మక్కకు,

తమ్ముడు శీనయ్య దండాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసా అని తలుస్తాను. నా ఒంటికి ఏమీ కాలేదు. మనసు సంగతి మాత్రం అడగొద్దు.

ఫోనులో చెబుదామంటే నువ్వు స్పీకరు పెడతావు, పక్కింటి రమణమ్మ వదిన వింటుంది. అందుకే రేపు విమానమెక్కే రాయచోటి మనిషి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువు.

ఈ సుమత్రాలో రోజూ వానే. మన మంగంపేటలో మబ్బుకు మొగం వాచి ఉంటాం, ఇక్కడ ఉతికిన గుడ్డ ఆరి చావదు. తిండి చేప, కొబ్బరి. నువ్విచ్చిన చెనిక్కాయల పొడి అయిపోయింది. భూమిలోని ఆవిరి కోసం బోర్లు వేసే పని మాది. ఆ బోరులో పోసే బురదలో కలిపేది మన ఊరి గనుల ముగ్గురాయి పొడే. వచ్చిన కొత్తలో వదిన మొగుడు నాగన్న ఆ పొడితో మా గది ముందర వంకర ముగ్గేసి, "మీ వదినకు చెప్పాకురా, నగుతాది" అన్నాడు.

కానీ మా గదులున్న ఈ ఉడుకు కొండంటే ఆయనకు భయం. "కింద అగ్గి మండతాండాది, పైన మనం పండుకుంటాండాం. ఇదేం బతుకప్పా?" అని దిగువ టౌనులో గది తీసుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. నేను బద్ధకించాను.

పోయిన వారం భూకంపం వచ్చింది. టౌను దగ్గర మొదలైన పగులు నేలను చీల్చుకుంటూ మా కొండ వైపే వచ్చి, అంచున ఆగిపోయింది. కొండ కింద రాయి ఉడుక్కి మెత్తబడి ఉంటుందట, చల్లని రాయిలా బిగుసుకుని పటుక్కున పగలదట. మా ఇంజనీరు చెప్పాడు. నువ్వు చెనిక్కాయ ఉండలకు పట్టే బెల్లంపాకం లాగే అక్కా, వేడి మీద సాగుతుంది, ఆరితే విరుగుతుంది. అన్నిచోట్లా ఇట్లా ఆగదట. ఈసారి ఆగింది.

నాగన్న ఏ ఉడుక్కి భయపడి దిగువకు పోయాడో, అదే మమ్మల్ని కాచింది. ఆయన గది కూలిపోయింది. మొలతాడు చూసి గుర్తుపట్టింది నేనే. ఏం న్యాయం అక్కా ఇది?

టీవీలో చూసినప్పటి నుంచి వదిన రోజూ ఫోను చేస్తోంది. "మీ అన్న యాడుండాడు శీనా? ఒక్క మాట మాట్లాడనీ" అంటుంది. "టౌనులో సిగ్నలు లేదు వదినా" అంటున్నాను. నా నోరు పడిపోనూ! కాగితాలు అయ్యాక కంపెనీవాళ్లే చెబుతారట. ఆమె ఆ మాట పరాయివాళ్ల నోట వినకూడదు. నువ్వే చెప్పాలి. నాకు చేతకాదు.

అమ్మ కాళ్లకు, పెద్దలందరికీ దండాలు. దీవించమని అడగాలి గానీ, ఎందుకు మిగిలానో నాకే తెలియడం లేదు.

ఒక్క కోరిక అక్కా. ఇది చదివిన వెంటనే పరిగెత్తవద్దు. తెల్లారి వదినను వాకిట్లో ముగ్గు వేసుకోనీ. చావు జరిగిన ఇంటికి ముగ్గేందని పెద్దలు తిడితే నా పేరు చెప్పు. ముగ్గంతా పూర్తి కానిచ్చి, అప్పుడు పోయి ఆమె చెయ్యి పట్టుకో.

నీ తమ్ముడు
శీనయ్య