చిత్తాసురుడి కూతురు

నరసన్నపేట,
ఆగస్టు 4

ప్రియమైన త్రినాథ్‌కి,

ఫోన్ ఎత్తడం మానేశావు. ఎత్తినా ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మీ బిందు పోయిందని తెలిసి సాలూరు వచ్చిన రోజు కూడా నీ పక్కన కూర్చుని, టీ తాగి వచ్చేశాను. కన్నకూతుర్ని పోగొట్టుకున్నవాడితో ఏమంటాం?

పత్రికవాళ్ళు మన బొమ్మల కథ ముగించమంటున్నారు. ఆఖరి భాగం రాసి పంపుతున్నాను, నువ్వు బొమ్మలు వేయాలి. మన రాక్షసుడు చిత్తాసురుడు కళ్ళు మూసుకుని ఏది తలిస్తే లోకం అలా మారిపోయేది. వాడు వద్దనుకున్న ఊళ్ళు మాయమయ్యాయి, వాడు కోరిన కోటలు లేచాయి. ఈసారి వాణ్ణి చంపేస్తున్నాం. వాడు తలచి పుట్టించినవన్నీ వాడితోనే పోతాయి.

తొందరేం లేదు. లారీలకు రంగులు వేసే పనికి మళ్ళీ వెళ్తున్నావా? మా అమ్మ నీ భార్య గురించే రోజూ అడుగుతోంది, "దుర్గాభవాని ఏటైనా తింటన్నాదా, నేదా?" అని.

నీ
దేవేంద్ర


సాలూరు,
ఆగస్టు 19

దేవేంద్రా,

పేజీలు పంపుతున్నాను. నువ్వు రాసినట్టు వేయలేదు. కోప్పడకు.

చిత్తాసురుడికి ఒక కూతురుంది. ఏడేళ్ళది. జ్వరంతో చచ్చిపోయింది. వాడు పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పిల్ల లేచి మంచినీళ్ళు అడిగింది. ఆ బొమ్మ చూడు. ముందుపళ్ళ మధ్య సందు కూడా కుదిరింది. అది వేసిన పూట కడుపునిండా తిన్నాను.

వాడు చస్తే వాడు పుట్టించినవన్నీ పోతాయన్న నియమం నువ్వు పెట్టిందే. అంచేత వాడు చావడానికి వీల్లేదు. ఊళ్ళు మాయమైతే అవనీ.

భవాని బాగానే ఉంది.

త్రినాథ్


నరసన్నపేట,
ఆగస్టు 27

ఒరే త్రినాథ్,

మా బియ్యం కొట్లో గల్లా దగ్గర కూర్చుని పేజీలు చూశాను. బేరానికి వచ్చినవాళ్ళు నా మొహం చూసి పక్క కొట్టుకి వెళ్ళిపోయారు. బిందు నవ్వు ఉన్నదున్నట్టు దింపేశావురా.

కానీ భయమేసింది. పిల్లకి వైద్యం చేసినవాణ్ణి నీ చిత్తాసురుడు ఒక్క తలపుతో మాయం చేశాడు. పరామర్శకు వచ్చిన వీధివాళ్ళనీ చేశాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి చూస్తే పిల్లలు జడుసుకునేలా వేసేవాడివి. ఇప్పుడు వాడి మొహంలో ఎంత శాంతం!

ఇవి అచ్చువేయాలో వద్దో చెప్పడానికి నేనెవర్ని? పేజీలు తిప్పి పంపుతున్నాను. భవానికి చూపించు. బిందు ఆమె కూతురు కూడా. ఆమె సరేనంటే నేను పత్రికవాళ్ళ కాళ్ళైనా పట్టుకుంటాను.

నీ
దేవేంద్ర


నెల్లిమర్ల,
అక్టోబరు 11

ప్రియమైన దేవేంద్రకి,

ఇన్నాళ్ళూ రాయలేదు. నువ్వు చెప్పినట్టే పేజీలు భవానికి చూపించాను. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని కూర్చుంది. బొమ్మలో బిందు బుగ్గ మీద వేలు పెట్టింది. తర్వాత మొదటినుంచీ మళ్ళీ తిరగేసింది.

"పిల్లని బతికించిసినావు. మరి నన్నెక్కడెట్టినావు?" అంది.

పేజీలు లాక్కుని చూశాను. తల్లి ఎక్కడా లేదు. పిల్లకి జడ వేస్తున్నదీ, అన్నం తినిపిస్తున్నదీ చిత్తాసురుడే. మరిచిపోయానన్నాను.

"మర్సిపోనేదు నువ్వు. ఒట్టి జొరమే, ఆస్పత్రికి రేపు సూద్దాం అన్నాను కదా. అప్పట్నుంచి నా మొకం సూసినావేటి? నాను నేకపోతే పిల్ల బతికుండేదని నీ మనసులో ఉన్నాది. సెయ్యి దాన్నే గీసీసింది."

కాదనాలి. పేజీలు సర్దుకుంటూ కూర్చున్నాను. డెంగీ ముదిరింది, ముందురోజు తెచ్చినా బతికేదని చెప్పలేమని డాక్టరు అన్నప్పుడు విన్నాను కానీ నమ్మలేదు.

భవాని మర్నాడే పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. బొమ్మలన్నీ గోడకు అంటించుకుని వాటి ముందే కూర్చున్నాను. ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుంది. నాన్నా అని పిలవదు. ఇల్లు సరిగ్గా చిత్తాసురుడు కోరుకున్న లోకంలా తయారైంది. ఒకరోజు అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను.

ఆఖరి పేజీ వేశాను. వాణ్ణి ఎవరూ చంపలేదు. వాడే కళ్ళు తెరిచాడు. పిల్ల మంచం ఖాళీ.

అది పట్టుకుని ఈ రోజు నెల్లిమర్ల వచ్చాను. మా మావయ్య ఎర్రన్న గుమ్మంలో నిలబడి, "ఏటి అల్లుడా, ఇప్పుడు దారి తెలిసిందా?" అన్నాడు. భవాని వచ్చింది. పేజీ ఇవ్వబోతే అందుకోలేదు.

"బొమ్మలొద్దు. నోటితో సెప్పు," అంది.

చెప్పాను. "నీవల్లే పోయిందనుకున్నాను. నువ్వు కనబడితే అదే గుర్తొచ్చేది. నువ్వే లేకుండా పోతే బాగుణ్ణనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఒక్కోసారి ఆ ఆలోచన వస్తాది. వచ్చినప్పుడల్లా సిగ్గేస్తాది."

తిడుతుందనుకున్నాను. "నాకూ రోజూ వస్తాది, నాను నేకపోతే బాగుణ్ణని," అని లోపలికి వెళ్ళిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

వాళ్ళ అరుగు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. కథ ఏం చేసుకుంటావో నీ ఇష్టం. లోపల కంచాలు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నన్ను పిలుస్తుందని అనుకోవడం లేదు. బస్సుకి మాత్రం వెళ్ళను.

నీ
త్రినాథ్