మనవరాలి కంప్యూటర్‌కు రాగి రేడియేటర్

అల్లుడుగారికి, ఇంకొకరి చేత రాయించకుండా మామ తన చేత్తోనే రాస్తున్నది.

తొమ్మిదేళ్ల కిందట మీ వంటింట్లో కొళాయి కారింది. నలభై ఏళ్లు లారీ రేడియేటర్లు బాగుచేసిన నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. మీరు బయటి నుంచి ప్లంబరును పిలిచారు. అది నేను మరిచిపోలేదు.

ఇప్పుడు మనవరాలి కంప్యూటర్ సంగతి. బొమ్మల సినిమాలు చేస్తుంటే అది కాగిపోయి ఆగిపోతోందట. నీళ్లతో చల్లబరిచే సామాను ఒకటి మీరు కొనబోతున్నారని అమ్మాయి ఫోటో పంపింది. "మామయ్యగారికి చూపించు, సరదా పడతారు" అన్నారట. సరదా కాదు, ఒళ్లు మండింది. అందులో చిప్పు మీద కూర్చునే పలక రాగిది, రేడియేటరేమో అల్యూమినియంది. రెండింట్లోనూ ఒకే నీళ్లు తిరిగితే అల్యూమినియం తినుకుపోతుంది. చిల్లు పడి నీళ్లన్నీ పిల్ల పని మీద పడతాయి. పెద్ద చదువులు చదివిన మీకు తెలియలేదు, అయిదో తరగతితో బడి మానేసిన నాకు తెలుసు.

"తాతా, నువ్వే బిగించిపెట్టవా?" అని పిల్ల ఫోనులో అడిగింది. వెంటనే రాగి రేడియేటర్ తెచ్చి, గొట్టాలు బిగించి, కింద పాత పేపర్లు పరిచి మూడు రోజులు నీళ్లు తిప్పాను. ఒక్క చుక్క కారలేదు. "ఇంట్లో బకెట్ నింపమంటే మాత్రం కదలరు" అని మీ అత్తగారు దెప్పుతోంది.

ఏది పెడుతున్నామో గురువారంలోగా జవాబు రాయండి. రాయకపోతే ఒప్పుకున్నట్టే. శుక్రవారం మొదటి బస్సుకు వస్తున్నానని పిల్లకు ఇప్పటికే చెప్పేశాను.