కిటికీ వైపు చెంప

అమ్మా,

మీరంతా క్షేమమని తలుస్తాను. నా క్షేమం సంగతి ఉత్తరంలో కిందికి వచ్చాక రాస్తాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. పక్కింటివాళ్ళ చేత చదివించకు. నేను నేర్పిన చదువే కదా, కూడబలుక్కుని నువ్వే చదువుకో.

నాన్న అడిగినదానికి జవాబు: అవును, కెప్టెన్ అయ్యే పరీక్షకు పిలిచారు. నెగ్గితే విమానంలో ఎడమ సీటు నాదే. అప్పుడే చాటింపు వేయొద్దని చెప్పు.

ముప్పై ఏళ్ళు ఆ సీట్లో కూర్చున్న పెద్దాయన్ని మొన్న చూసొచ్చాను. నాకు పని నేర్పింది ఆయనే. పట్టపగలు ఇంట్లో కర్టెన్లన్నీ మూసేసి ఉన్నాయి. అంత ఎత్తులో ఎండ అద్దంలోంచి కూడా చర్మాన్ని తినేస్తుందట. క్యాన్సర్. కిటికీ వైపున్న ఎడమ చెంప కోసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు.

“తొడ మొహానికెక్కిందమ్మాయ్, అంతే. దోమ కుడితే ఎక్కడ గోక్కోవాలో తెలీట్లేదు,” అన్నారు.

“ఈ జోకు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి,” అన్నారు ఆయన భార్య. “ఈయనకే నయం, ఇంజన్ల మోతకి ఒక చెవి ఎప్పుడో పోయింది.”

నేనూ నవ్వాను. అంతలో మాటల మధ్యే ఆయన ఎడమ చెయ్యి లేచి కళ్ళకు అడ్డం వచ్చింది. ఆ చీకటి గదిలో ఎండ ఎక్కడుందమ్మా?

నేను లేవబోతుంటే ఆయన లైటు వేసి, నా కుడి చెంప వైపు వేలు చూపించారు.

“అదెప్పట్నుంచి?”

“పుట్టుమచ్చండీ.”

“పుట్టుమచ్చకి పౌడరెందుకు? నేనూ రాశాను. డాక్టరు కంటపడితే ఎగరనివ్వరని రెండేళ్ళు రాశాను.”

ఫొటోల్లో ఎప్పుడూ ఎడమ చెంపే చూపిస్తావేం అని అడిగావు. ఇందుకే. నేను కూర్చునేది కుడి సీటు. నిరుడు ఆవగింజంత ఉన్న మచ్చ ఇప్పుడు అంచులు చెదిరి బఠాణీ గింజంతయింది. ఇందులో పెట్టిన ఫొటోలో కుడి చెంపే ఉంది, చూడు.

నిన్న మొహం కడుక్కుని అద్దంలోకి చూశాను. కిటికీ కూడా లేని స్నానాలగదిలో నా కుడి చెయ్యి కళ్ళ పైన ఎండకు అడ్డం పెట్టినట్టు ఉంది. ఎప్పుడు లేచిందో నాకే తెలియదు.

ఎల్లుండి వైద్యపరీక్ష. పౌడరు లేకుండా వెళ్తాను. ఎడమ సీటు దక్కకపోవచ్చు, ఉన్నదీ పోవచ్చు. నాన్నకు మెల్లగా నువ్వే చెప్పు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగావు, “అంత పైకి పోతే ఎండ దగ్గరవదా?” అని. “లోపల ఏసీ అమ్మా, చలేస్తుంది,” అని నవ్వాను. నిజంగానే చలేసేది. అందుకే ఎండ పడినప్పుడల్లా చెంప అటు తిప్పుకుని, హాయిగా కాచుకునేదాన్ని.

ఇట్లు,
నీ పెద్దపిల్ల