ఆ బట్ట మీది నెత్తురు

సిరిసిల్ల,
మాఘమాసం, 1959.

చిరంజీవి అల్లుడు పర్శరాములుకు,

ఇక్కడ మేమందరం బతికే ఉన్నాము. అక్కడ నువ్వు, మీ అవ్వ బతికే ఉన్నారని తలుస్తాను. నువ్వు నా బిడ్డ మొగుడివే గాక మా అక్క బాలవ్వ కొడుకువి. అందుకని నాలుగేండ్లుగా కడుపులో పెట్టుకున్న మాటతోనే మొదలు పెడుతున్నాను. మా మగ్గాల కాడ పదిమంది మగవాళ్ళు వింటుండగా మీ అవ్వ అన్నది: "పద్దెనిమిదేండ్లు నిండినా నీ బిడ్డ పెద్దమనిషి గాలే. కట్టెపుల్ల లెక్కుంది. ఆడిదో కాదో జర చూసుకున్నవారా తమ్మీ?" అందరూ నవ్వారు. నా బిడ్డ శంకరవ్వ నూలు కండెలు చుడుతూ అక్కడే ఉంది. ఆనాటి నుంచి ఆమె అద్దం ముట్టలేదు.

నీ పోయిన ఉత్తరంలో, మన మధ్య కాపురమే కుదరలేదు, మరి ఉబ్బిన ఆ కడుపు ఎవనిదని అడిగావు. నువ్వు తన్నిన కడుపులో పిండం లేదు. నెత్తురు కారే మూతితో నీ ఇంటి నుంచి వచ్చిన పిల్లను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాను. లేడీ డాక్టరమ్మ చూసి నన్ను బయటికి పిలిచింది.

"పుట్టుకతోనే దారికి అడ్డంగా పొర ఉంది పెద్దాయనా. నెలనెలా బయటికి రావలసిన రక్తం లోపలే నిలిచింది. కడుపు ఉబ్బింది అందుకే. చిన్న కోతతో పోయేదానికి ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదు?"

కోసింది. నల్లని నెత్తురుతో గిన్నె నిండింది.

ఎందుకు తీసుకుపోలేదో ఆమెకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఇంకొకరితో రాయించలేక ఈ వంకర అక్షరాలు నేనే గీకుతున్నాను. మీ అవ్వ ఆ మాట అన్న మూడో రోజు మేకను కోశాను. ఆ నెత్తురు బట్టకు పూసి, బిడ్డ పెద్దమనిషి అయిందని వాడకట్టుకు విందు పెట్టాను. "వద్దు బాపూ, నాకు గాలే" అని శంకరవ్వ అన్నది. మగ్గం కర్ర విరిగేదాకా కొట్టాను. అందుకే నీ ఇంటికి కాపురానికి వచ్చాక నొప్పితో మెలికలు తిరిగినా నోరు విప్పలేదు. నువ్వు కడుపు మీద తన్నావు. అంతకు ముందే నేను వీపు మీద కొట్టి పంపాను.

మొన్న మంచం మీద లేచి కూర్చున్నది.

"నా ఒంట్ల తప్పు లేదని డాక్టరమ్మ చెప్పింది బాపూ. గా మాట పదిమందిల నువ్వే చెప్పాలె. నీ మేక సంగతి సుత చెప్పాలె. గాళ్ళింటికి పోవుడు, పోకుంటుడు నా ఇష్టం."

"ఇజ్జత్ పోతదే బిడ్డా" అన్నాను.

"నాది పోయిననాడు నువ్వు విందు పెట్టినవు గదనే!"

లేచి పోయి ఈ కాగితం తెచ్చుకున్నాను.

శివరాత్రి ముందటి సోమవారం వేములవాడలో మన కులపెద్దలు కూడుతారు. మొదట నేను లేచి నా అబద్ధం ఒప్పుకుంటాను. తర్వాత నువ్వూ మీ అవ్వా లేచి, నా బిడ్డకు రంకు కట్టిన నోటితోనే అది అబద్ధమని చెప్పాలి. వస్తావో రావో శనివారం టపాలో నాకు అందాలి. అందకపోతే ఆదివారం హుజూరాబాద్‌కు నేనే వస్తాను. కొట్టడం నా చేతులకు కొత్త కాదు. ఈసారి మాత్రం కొట్టవలసిన మనిషినే కొడతాను.

ఇట్లు,
నీ మేనమామ, శంకరవ్వ బాపు,
సిద్దిరాములు.