ఇరవై రెండు నాట్లు

కాకినాడ

అమ్మకు ప్రిస్కిల్లా వందనాలు. దేవుని దయవల్ల ఒడ్డునే ఉన్నాను, కంగారుపడకు. ఫోనులో చెబితే మళ్ళీ ఇంకోలా వింటావని ఈ కార్డు.

శనివారం మా క్లబ్బువాళ్ళం తెరచాప పడవలో సముద్రం మీదికి వెళ్ళాలనుకున్నాం. గాలి వేగం నా యాప్‌లో ఇరవై రెండు. మా లెక్కల మాస్టారు శ్యాంబాబు గారు చూసిన సైటులోనూ ఇరవై రెండే. రెండూ కలిశాయని ధైర్యంగా చాప కడుతుంటే నువ్వు ఫోన్ చేశావు. "గాలి ఇరవై రెండు నాట్లమ్మా" అన్నాను. "కోతలప్పుడు నాట్లేంటే?" అన్నావు. వరినాట్లు కాదు, సముద్రం మీద గాలిని కొలిచే లెక్క అని నీకు చెబుతూ మళ్ళీ చూశాను. నా యాప్‌లో ఉన్నవి కిలోమీటర్లు. ఆయన సైటులోవి నాట్లు, అంటే దాదాపు రెట్టింపు గాలి! మాస్టారూ నేనూ అంకె ఒక్కటే చూసుకున్నాం. ప్రయాణం మానేశాం. మధ్యాహ్నానికి కెరటాలు రోడ్డెక్కాయి.

మన చేనుకి ఆ గాలి తగిలిందా? కోసిన పనలు కుప్ప వేయించారా? నాన్నగారిని బీపీ మాత్రలు మానొద్దను. చెల్లితో నా గొడుగు పంపు.

వచ్చే వారం మళ్ళీ బయల్దేరతాం. పడవెక్కేముందు ఫోన్ చేస్తాను. నీకు తెలిసినా సరే, "నాట్లేంటే?" అని అడుగమ్మా.