అమెరికా అడిగిన నీ సగం వీణ

బావా,

ఇందుమూలంగా నీకు తెలియజేయడమేమంటే, మన వీధి కొళాయికి కొత్త తల బిగించారు. నేను మీసానికి రంగు వేశాను. ముఖ్యమైనవి అయిపోయాయి కనుక ఇక చిన్న విషయం.

అమెరికాలో ఒక ఊరు, ఆఫ్రికాలో ఒక జిల్లా ఎన్నాళ్లుగానో ఒప్పందం రాసుకున్న అక్కచెల్లెళ్లట. మన బొబ్బిలిని మూడో చెల్లెలిగా కలుపుకుంటామని నిన్న ఆ రెండు చోట్ల నుంచీ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వెంట మన ఆఫీసరు. సంతకాలైతే వీణపని నేర్పే షెడ్డు కడతారు. గుర్తుగా, నువ్వు సగం చెక్కి పోయిన పనసచెక్క వీణ కావాలన్నారు.

మా అక్క దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"ఒరే, మీ బావ సెయ్యి ఇందులోనే ఉన్నాది. ఇవ్వనని సెప్పు."

"ఇవ్వకపోతే సంతకాలు ఆగిపోతాయి. ఆళ్లకి ఏటి సెప్పమంటావు?" అన్నాడు ఆఫీసరు, చెమట తుడుచుకుంటూ.

నేను ఆఫీసరుకి అడ్డుపడ్డాను.

"సేసినోడు మద్దెలో పోతే, కూతురు పూర్తి సేసేదాకా వీణ గడప దాటకూడదు. అది మా ఆచారం బాబూ."

ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. అమెరికా ఆవిడ కలానికి మూత పెట్టేసింది. ఆఫ్రికా ఆవిడ లేచొచ్చి, నీ ఉలి గాట్లు తడిమి, తమ డోళ్లకీ అంతేనంది. అప్పుడు అమెరికా ఆవిడ మూత మళ్లీ తీసింది.

ఆడపిల్లని నువ్వు ఉలి ముట్టనివ్వలేదే, ఆ నీ కూతురే ఈ పొద్దున పనికి కూర్చుంది. మొదటి దెబ్బ వంకరగా పడింది. అక్క వీణ కదలకుండా పట్టుకుంది.

అలాంటి ఆచారం మనకెప్పుడూ లేదు బావా. అప్పటికప్పుడు నేనే పుట్టించాను.