క్షేమవాక్యం నిలుపుదల

అబ్బాసియా, కువైట్.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మణికి, నీ భర్త కుక్కుటేశ్వరరావు ఆశీర్వదించి వ్రాయునది. "ఇచ్చట నేను క్షేమం" అనే వాక్యాన్ని ఈ ఉత్తరంలో నిలిపివేయడమైనది. కారణాలు దిగువన ఉన్నాయి. అచ్చట నీవు, పాప క్షేమమని తలుస్తాను. ఆ వాక్యంపై అభ్యంతరం లేదు.

ఫోనుండగా ఉత్తరమెందుకని అడిగావు. ఫోనులో "బాగున్నా" అనేయడం నోటికి అలవాటైపోయింది. చేతికి ఇంకా కాలేదు.

అమ్ఘరాలో ఏం జరిగిందన్నావు. అక్కడి తుక్కు యార్డులో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తానైన నేను, చాలా రోజులుగా నిద్రలేక, ఒక మధ్యాహ్నం ఆ కాటా మీదకే ఎక్కి నిలబడ్డాను. యంత్రం రోజూ నా బరువు కొంత కోసేస్తోందనీ, లెక్క తేలేదాకా దిగననీ ప్రకటించాను. వెనక లారీలు హారన్లు మోగించాయి. పోలీసులు వచ్చారు. కోర్టువారు జైలు వద్దని, ఆరు నెలలపాటు వారంవారం మానసిక వైద్యశాల ఓపీకి హాజరై మందులు వాడాలనీ, ఎగ్గొడితే ఆ వైద్యశాల లోపలే ఉంచుతామనీ ఉత్తర్వు వేశారు. ఎం.ఏ. పట్టా తర్వాత ముద్రపడి నా పేర వచ్చిన గౌరవపత్రం ఇదే.

హాజరయ్యాను. డాక్టరుగారు ఎలా ఉన్నావని అడిగేవారు. క్షేమమని మనవి చేసేవాణ్ణి. ప్రతివారం అదే ప్రశ్న, అదే మనవి. "రోగి సహకరించుట లేదు" అని రాసుకున్నారట. అంతకన్నా మర్యాదగా ఎలా సహకరించాలో నాకు తెలియలేదు.

అక్కడ మన మాటలను అరబ్బీలో చెప్పే నర్సు బిస్మిల్లా బీ, రాయచోటి ఆవిడ. ఒకరోజు ఆ పని మానేసి నా వైపు తిరిగింది.

"బాగుండానంటివి. బాగుండేవాన్ని కోర్టోళ్లు ఈడికెందుకు పంపిరి నాయనా?"

"బాగానే ఉన్నానండి."

"అది ఇంటికి చెప్పే మాట. నేనూ మాయమ్మకు అదే చెప్తాండా. ఈడ చెప్పాకు."

అప్పుడు చెప్పాను. నిద్ర గురించి, కాటా గురించి, రోజురోజుకూ తరిగిపోతున్నానన్న భయం గురించి. ఆవిడ ఒక్క ముక్క వదలకుండా డాక్టరుగారికి వినిపించింది. మందు మార్చారు. ఇప్పుడు నిద్ర పడుతోంది. భయం పూర్తిగా పోలేదు.

ఇక మీ నాన్నగారి షరతులు. బిళ్ళలు ఆపి, తాయెత్తు కట్టుకుని, అడిగినవాళ్ళకు రక్తపోటని చెప్పాలట. లేకుంటే నిన్నూ పాపనూ నా దగ్గరకు పంపరట. పరిశీలించి, తిరస్కరించడమైనది. లేని రక్తపోటును పోషించే స్తోమత నాకు లేదు.

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. కోర్టు గడువు రంజానుకు ముందే తీరిపోయింది. అయినా వెళ్తూనే ఉన్నాను. మొన్న చెప్పులు తొడుక్కుంటుంటే మా గదిలో ఉండే సూర్యకిరణ్ అడిగాడు.

"గురూగారూ, కోర్టోళ్ళు ఖలాస్ అనేశారు కదండీ. ఇంకా ఎక్కడికండీ బాబూ?"

"అప్పుడు వాళ్ళు పంపితే వెళ్ళాను. ఇప్పుడు ఎవరూ పంపలేదు. అందుకే వెళ్తున్నాను."

"ఆయ్. అయితే వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి."

వచ్చే నెల సెలవుపై వస్తాను. బిళ్ళలు చొక్కా జేబులో, అందరికీ కనబడేలా ఉంటాయి. ఈ ఉత్తరం మీ నాన్నగారికి చదివి వినిపించు. గొంతు తగ్గించవద్దు. ఆ తర్వాత విమానాశ్రయానికి రావడమా, మానడమా నీ ఇష్టం. ఉత్తర్వు మీద హాజరుకావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీకది వద్దు.

ఇకపై నేను క్షేమమని ఎప్పుడైనా రాశానంటే మాత్రం, నమ్ము.

ఇట్లు,
బిళ్ళలు మానని
మీ ఆయన